మూపురం లేని మెడ

మా ఇంట్లో విత్తనం వేసే రోజు నేను గట్టు మీద కూర్చోవాలి. విత్తనానికి వేరుశనగ కాయలు, మా వైపు మాటల్లో చెనక్కాయలు, ఒలిచేది నేను. పుచ్చు గింజలు ఏరేది నేను. మందు కలిపి నీడన ఆరబెట్టేది కూడా నేనే. కానీ నాగలి గీసే మొదటి సాలులో మొదటి గుప్పెడు వేయడానికి మాత్రం నా చేయి పనికిరాదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండని ఆడదాని చేతి నుంచి విత్తనం పడితే చేను కూడా అట్లాగే మిగిలిపోతుందని మా అవ్వ సిద్ధాంతం. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. మా అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఆమె మాటే చట్టం. ఆ మొదటి గుప్పెడు వేరేవాళ్ళు వేసేస్తే చాలు, మిగతా బస్తాలన్నీ నేను సాయంత్రం దాకా నడుము వంచి వేయొచ్చు. రెండో గుప్పెడు నుంచి దోషం ఉండదు, నడుం నొప్పి మాత్రమే ఉంటుంది.

మొదటి గుప్పెడు వేయడానికి పక్క చేను చిన్నమ్మను పిలిచేవాళ్ళు. నలుగురు పిల్లల తల్లి. టెంకాయ, బెల్లం, రవికె గుడ్డ పెట్టి పిలిస్తే, పెళ్ళికి వచ్చినట్టు వచ్చి గుప్పెడు గింజలు వేసి వెళ్ళేది. మంచి మనిషే, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆమె చేయి పడిన మా చేను నాలుగేళ్ళలో మూడేళ్ళు ఎండిపోయింది. ఎండిన మూడేళ్ళూ వాన తప్పు. పండిన ఒక్క ఏడూ చిన్నమ్మ చేతి చలవ.

ఇంతకూ నా చేయి పనికిరాదని ఎవరు తేల్చారు? డాక్టరయితే తేల్చలేదు. నాకూ మా ఆయనకూ పరీక్షలన్నీ చేసి ఇద్దరిలోనూ లోపం లేదని రాసిచ్చింది. ఆ కాగితం తెచ్చి అవ్వకు చదివి వినిపించాను. "కాగితానికేం తెలుస్తాదిమే?" అనింది. మా ఆయన మాత్రం ఏ అడ్డూ లేకుండా మడక పట్టి మొదటి సాలు తోలేవాడు. ఈ దోషం మగవాళ్ళ చేతులకు అంటదు.

అవ్వ నా మీద ప్రేమ లేని మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. నా పెళ్ళయిన ఏడాదికే తన పాత నూలు చీరలు నాలుగు చింపి, పొరలు పొరలుగా పరిచి, పసిబిడ్డకు చిన్న బొంత కుట్టింది. దాంట్లో పడుకోవాల్సినవాళ్ళు రాలేదు. బొంత ట్రంకు పెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య పడుకుంది. ఏటా ఉగాదికి ముందు అవ్వ దాన్ని తీసి వీధి గోడ మీద ఎండేసేది. తెలియనివాళ్ళు "ఇంట్లో పసిబిడ్డ ఉండాదా?" అని అడిగేవాళ్ళు. తెలిసినవాళ్ళు ఏమీ అడగకుండా తల తిప్పుకొని పోయేవాళ్ళు. ఈ రెండింట్లో ఏది ఎక్కువ నొప్పో నేనింకా తేల్చుకోలేదు. ఆ రోజు మాత్రం నాకు ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు.

ఇక మా ఇంటికి కంచరగాడిద వచ్చిన సంగతి. మా ఎద్దుల్లో ఒకటి జబ్బు చేసి చచ్చిపోయింది. ఒంటి ఎద్దును మేపలేక నాయన రెండోదాన్ని సంతకు తోలాడు. ఆ తర్వాత నెలరోజులు అరుగు మీద కూర్చుని ఫోను చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ఎక్కడో కొండవాలులో ఎవరో కంచరగాడిదతో దున్నుతున్నారు.

"సూడు పాపా. ఎద్దు తినేదాంట్లో సగం తింటాది. ఎండకు ఓర్సుకుంటాది. రోగం రొష్టు లేదు. పాతికేండ్లు సాకిరీ సేస్తాది. ఏం పెట్టినా తింటాది, ఒక్క మాటనదు" అన్నాడు.

అన్నం తింటున్న మా ఆయన తల ఎత్తాడు. "ఎవురి గురించి మామా? నా గురించేనా?" అన్నాడు. ఆయన మా ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు.

కొనుక్కొస్తే సరిపోయేది. కానీ నాయనకు ఇంట్లోనే పుట్టించాలని పట్టుదల. కంచరగాడిద పుట్టాలంటే తల్లి గుర్రం కావాలి, తండ్రి గాడిద కావాలి. అనంతపురంలో పెళ్ళికొడుకులను ఊరేగించి ఊరేగించి ముసలిదైపోయిన ఒక ఆడగుర్రాన్ని మినీ లారీలో ఎక్కించుకొచ్చాడు. దాని నుదుటి మీద అద్దాల పట్టీ ఇంకా అట్లాగే ఉంది. వీధిలోకి దిగగానే ఎవరింట్లోనో టీవీలో డప్పులు మోగాయి. గుర్రం నిలబడి ముందు కాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఎత్తడం మొదలుపెట్టింది. డప్పులు ఆగేదాకా కదలలేదు. "ఏమన్నా, పెండ్లి ఎవురికి?" అని ఊరంతా వచ్చి అడిగి పోయింది.

తండ్రి దొరకడం ఇంకా సులువైంది. మడకశిర వైపు నుంచి గొర్రెల మందలతో వచ్చేవాళ్ళు ఏటా మా చేన్లో కొన్నాళ్ళు మంద వేస్తారు. గొర్రెల ఎరువు మాకు, బియ్యమూ భోజనమూ వాళ్ళకు. వాళ్ళ గిన్నెలు, దుప్పట్లు మోయడానికి ఒక మగ గాడిద ఉండేది. నాయన సంగతి చెప్పగానే మంద పెద్దాయన చేతికర్ర కింద పెట్టి నవ్వాడు.

"ఏమప్పా, తల గిన తిరిగిందా నీకు? గుర్రాన్ని తెచ్చి నా గాడిదకిచ్చి పెండ్లి సేస్తావా?"

పెళ్ళికి ఎత్తు అడ్డం వచ్చింది. గుర్రం పొడుగు, గాడిద పొట్టి. మా చేను మూలన వాననీళ్ళు నిలవడానికని తవ్వించిన పెద్ద గుంత ఒకటి ఉంది. తవ్వినప్పటి నుంచి దాంట్లో ఫోటో తీసుకోవడానికి దిగిన ఆఫీసర్లు తప్ప నీటిచుక్క నిలిచింది లేదు. నాయన గుర్రాన్ని ఆ గుంతలోకి దింపి, గాడిదను గట్టు మీద నిలబెట్టాడు. ఎత్తులు సరిపోయాయి. అంత దుడ్డు పోసి తవ్విన గుంతకు అదే మొదటి ఉపయోగం.

పదకొండు నెలలు దాటాక పిల్ల పుట్టింది. ఆడది. తల్లి కాళ్ళు, తండ్రి చెవులు. పుట్టిన గంటకే లేచి నిలబడి, చూడటానికి వంగిన మా ఆయన మోకాలి మీద తన్నింది. దానికి పేరు పెట్టలేదు, పిల్ల అనే పిలిచాం. పేరు లేకపోయినా దాని కులం గురించి మాత్రం టీ అంగడి దగ్గర వారం రోజులు మాట్లాడుకున్నారు. తల్లి ఎవరైతే ఏమి, తండ్రిని బట్టే కులం కాబట్టి ఇది గాడిదే అని తేల్చారు. అది పెద్దదై నీళ్ళ డ్రమ్ముల బండి లాగడం మొదలుపెట్టాక, అదే మనుషులు ఖాళీ డ్రమ్ములతో మా ఇంటి ముందు నిలబడి, "గుర్రం జాతి కదన్నా, ఇంకో రెండు డ్రమ్ములు లెక్కనా?" అనేవాళ్ళు.

ఈ జంతువుకు ఇక పిల్లలు పుట్టవని పశువుల డాక్టరు అప్పుడే చెప్పాడు. గుర్రానికీ గాడిదకూ పుట్టినదానికి సంతానం ఉండదట. ఆ మాట విని అవ్వ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో మాత్రం నాకు బాగా కనిపించింది.

పిల్లకు మూడేళ్ళు నిండాక నాయన దాన్ని పనికి అలవాటు చేయబోయాడు. అక్కడ మా ఇంటి తెలివి బయటపడింది. మా అటక మీద ఎద్దుల కాడి ఉంది. చిన్నాయన దగ్గర ఒక ఎద్దును అడిగి తెచ్చి, కాడికి ఒకవైపు ఎద్దును, ఇంకోవైపు పిల్లను కట్టాడు. ఎద్దుకు మూపురం ఉంటుంది, కాడి దానికి ఆనుకుని నిలుస్తుంది. పిల్లకు మూపురం లేదు. నున్నటి మెడ. రెండడుగులు వేసేసరికి కాడి జారి చెవుల దగ్గరికొచ్చింది, మూడో అడుగుకు కింద పడింది. నాయన మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది. గొంతు కింద తాడు బిగించి కడితే పిల్ల ఊపిరాడక అక్కడే పడుకుంది. అరవై ఏళ్ళు ఎద్దులనే చూసిన మనిషి. మూపురం లేని మెడ కూడా ఉంటుందని కళ్ళ ముందు కనిపిస్తున్నా ఆయనకు తోచలేదు. పగలంతా ఈ వేడుక చూసి చిన్నాయన ఎద్దును తోలుకుని పోయాడు.

మళ్ళీ ఫోను చూశాడు. దానికి కాడి కాదు, మెడ చుట్టూ మెత్తటి పట్టీ వేయాలని, భుజాలతో లాగుతుందని అప్పుడు తెలిసింది. గోనెసంచి కత్తిరించి, మెత్తగా ఉండాలని లోపల పశువుల మేతకు దాచిన ఎండు చెనక్కాయ కట్టె కూరి, పాత మోటారు సైకిలు టైరుకు చుట్టి కుట్టాడు. బ్రహ్మాండంగా కుదిరింది. సాయంత్రం గుంజకు తగిలించి పడుకున్నాడు. పొద్దునకల్లా పిల్ల ఆ పట్టీని తినేసి, టైరు మాత్రం మిగిల్చింది. తిండిని సంచిలో కుట్టి పక్కనే వేలాడదీసి, తినొద్దని చెబితే ఏ జీవి వింటుంది? నాయన మాత్రం ఇంకో రెండు పట్టీలు అట్లాగే కుట్టి దానికి మేపాడు. నాలుగోసారి కొబ్బరి పీచు కూరాడు. అది తినలేదు. అది పిల్లనే తినింది, భుజం మీద చర్మం ఒరిసి పుండు పడింది.

ఆ పట్టీ వేసుకునే పిల్ల ఊరి చివరి బోరు నుంచి నీళ్ళు లాగింది, దిబ్బ నుంచి ఎరువు తోలింది, కలుపుకు గుంటక లాగింది. వీటికి వేటికీ అవ్వ అడ్డు చెప్పలేదు. విత్తనం పనికి మాత్రం అది చేన్లో కాలు పెట్టకూడదు, బాడుగ ట్రాక్టరే రావాలనింది. వెనకటి రాజులు శత్రువు కోట పడగొట్టాక, ఆ జాగా మళ్ళీ బాగుపడకూడదని గాడిదలతో దున్నించి ఆముదాలు చల్లించేవాళ్ళంట. అందుకని గాడిదకు పుట్టింది సాలు తోలితే చేను పాడైపోతుందని అవ్వ నమ్మకం. పైగా ఇది గొడ్డుది. ఆ విధంగా విత్తనం రోజు గట్టు మీద నాకొక తోడు దొరికింది. నేను ఒక కొసన కూర్చుంటే, పిల్ల ఇంకో కొసన కట్టేసి ఉండేది.

పోయిన ఏడు ఆరుద్ర కార్తె అంతా గాలే వీచింది. కొండల మీద గాలిమరలు తప్ప ఎవరూ పని చేయలేదు. పునర్వసు కార్తెలో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. మా ఎర్రనేలల్లో ఆ తడి పదును మూడు రోజులు నిలిస్తే ఎక్కువ. ఆలోగా విత్తనం పడకపోతే ఆ ఏటికి చెనక్కాయ లేనట్టే. ఒలిచిన గింజలు ఇంకో వాన దాకా మొలక బలం నిలుపుకుంటాయనే నమ్మకం లేదు. ఊళ్ళో ఉన్నవి రెండు ట్రాక్టర్లు. అవి ఎవరి చేలకు ముందు పోతాయో చెప్పడానికి జాతకం చూడనక్కర్లేదు. మొదటి రోజు "మధ్యాహ్నం వస్తానన్నా" అన్నాడు డ్రైవరు. రెండో రోజు "రేపు పొద్దున్నే నీదేనన్నా" అన్నాడు. మూడో రోజు పొద్దున్నే ఫోను ఎత్తలేదు.

నాయన చేన్లో చేయి పెట్టి చూశాడు. పైమట్టి వేలెడు లోతు ఎండిపోయింది. ఇంటికొచ్చి అటక మీంచి మడక దించి, పిల్లను విప్పి, చేను దారి పట్టాడు. నేనూ మా ఆయనా విత్తనం బస్తాలతో వెనకాల నడిచాం. మేము పోయేసరికి అవ్వ మాకంటే ముందే అక్కడుంది. ఎట్లా పసిగట్టిందో, చేను దారికి అడ్డంగా కర్ర పెట్టుకుని కూర్చుంది.

"నేనుండంగా ఈ సేన్లో గాడిద సాలు తోలేది లేదు. ఆముదాలు గూడా తెచ్చినావా, సల్లేకి?"

"అమ్మా, పదును పోతాంది. ఇది గాడిద గాదు, సగం గుర్రం" అన్నాడు నాయన.

"యా సగంరా? ముందు సగమా, ఎనక సగమా? మడక కట్టేది ఎనకనే గదా?"

మామూలుగా అయితే నేను నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. చిన్నమ్మ వాళ్ళ చేన్లో ట్రాక్టరు తిరుగుతోంది, ఆమె ఇక రాదు. పిల్ల రాకూడదు. నేను వేయకూడదు. దోషం లేని చేతుల కోసం కాచుకుని కూర్చుంటే, మా మూడెకరాలూ మా కళ్ళ ముందే ఆరిపోతున్నాయి. తొమ్మిదేళ్ళుగా మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అవ్వా, నువ్వు తాగే నీళ్ళు ఇది లాగినవే. ఈ సేన్లో ఎరువు ఇది తోలిందే. ఈ గింజలు ఒలిసింది నేను. అప్పుడు లేని గొడ్డుతనం ఇప్పుడు యాడనుంచి వచ్చింది? మా ఇద్దరికీ నీ సేన్లో సాకిరీ ఉండాది గానీ చోటు లేదా? బిడ్డలు లేరని నన్ను ఊరంతా అనింది, నేను పట్టించుకోలేదు. నువ్వు ఏటా గట్టు మీద కూర్సోబెట్టి మరీ అంటాండావు. నాకు నొప్పి పుట్టదనుకున్నావా?"

అవ్వ కర్ర ఊతగా లేచింది. ఇంటి దారి పట్టింది. అలిగిందనుకున్నాం. ఆ రోజుకు ఆమె అలకను పట్టించుకునే తీరిక కూడా లేదు మాకు.

అడ్డం తొలగింది గానీ పని సాగలేదు. నాయన పట్టీ తెచ్చి మెడకు వేయగానే పిల్ల ఒళ్ళు జలదరించింది. పుండు పచ్చిగా ఉంది. నీళ్ళ బండి ఏదో ఒకలాగా లాగింది గానీ, నేలలో దిగిన మడకను లాగాలంటే బరువంతా ఆ భుజం మీదే పడుతుంది. పది అడుగులు వేసి నిలబడిపోయింది. పట్టీ కింద నుంచి నెత్తురు కారింది. మా ఆయన భుజం మీది తువ్వాలు మడిచి పెడితే అది నలిగి జారిపోయింది. నాయన మడక వదిలేసి సాలులో కూర్చుండిపోయాడు. దేనికైనా ఫోను తీసి చూపించే మనిషి, ఆ రోజు ఫోను కూడా తీయలేదు.

అప్పుడు అవ్వ తిరిగొచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో వేపనూనె సీసా. చంకలో బొంత.

"నీ మెడకు కొబ్బరి పీచు కట్టుకుని మడక లాగి సూడురా" అని నాయనను తిడుతూనే పుండుకు నూనె రాసింది. ఎవరినీ దగ్గరికి రానివ్వని పిల్ల ఆమెకు మెడ వంచి ఇచ్చింది. అవ్వ బొంతను నాలుగు మడతలు పెట్టింది. నాఫ్తలీన్ వాసన నా దాకా వచ్చింది.

"అవ్వా, అది..." అన్నాను.

"తెలుసులేమే. కుట్టింది నేనే."

బొంతను భుజాల మీద సర్ది, దాని మీద పట్టీ వేసి, అంచులు తాడుతో కట్టింది. పిల్ల ఒకసారి ఒళ్ళు విదిలించి చూసుకుంది. జారలేదు. అవ్వ నా దగ్గరికొచ్చి, బస్తాలోంచి గింజలు తీసి నా కొంగులో పోసింది.

"నిలబడుకోని సూస్తాండావేంమే? పదును నీకోసం నిలబడదు. వెయ్ పో."

తప్పయిందని అవ్వ అనలేదు. ఆ మాట అనే మనిషి కాదు, ఆమె నోటి నుంచి ఆ మాట వినాలని నాకు అప్పుడు అనిపించలేదు కూడా. నాయన మడక పట్టాడు, పిల్ల కదిలింది, సాలు తెరుచుకుంది. నేను మొదటి గుప్పెడు వేశాను. ఏడుస్తూనే వేశాను. ఏడుస్తూ వేస్తే ఏ దోషమో అవ్వ చెప్పలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఆ రోజూ మరుసటి రోజూ కలిపి రెండెకరాల చిల్లరలో విత్తనం పడింది. మిగిలిన నేల ఆరిపోయింది, వదిలేశాం.

గింజలు మొలిచాయి. బాగానే మొలిచాయి. తర్వాత నలభై రోజులు వాన మొహం చాటేసింది. పీకితే చెట్టుకు నాలుగు కాయలు. గాడిదతో దున్నితే ఇంతేనని టీ అంగడిలో అన్నారట. ట్రాక్టరుతో వేసిన చిన్నమ్మ చేన్లోనూ చెట్టుకు నాలుగే. అక్కడ మాత్రం వాన తప్పు.

బొంత మళ్ళీ ట్రంకు పెట్టెలోకి పోలేదు. పని ఉన్న రోజు సాయంత్రం పిల్ల చెమటతో తడిసిపోయి వస్తుంది. అవ్వ బొంతను ఉతికి, పాత అలవాటు ప్రకారం వీధి గోడ మీదే ఆరేస్తుంది. మొన్న గాజుల బుట్టతో కొత్తామె ఒకతె వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. గోడ మీద బొంత చూసి, "ఏమవ్వా, ఇంట్లో పసిబిడ్డ ఉండాదా? సిన్న గాజులు సూపించేదా?" అనింది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ అలవాటు, అంత సులువుగా పోదు.

"ఉండాది" అనింది అవ్వ. "ఐదేండ్లది. దానికి గాజులు పట్టవు గానీ, ఎనక పక్కకు మాత్రం పోవాకు తల్లీ, తంతాది. గాజులు మా మనవరాలికి సూపించు, లోపల ఉండాది."

నేను చేతులు తుడుచుకుని బయటికొచ్చాను. అవ్వ పక్కన కూర్చుని, రెండు చేతులకూ నిండుగా ఎర్ర గాజులు వేయించుకున్నాను.